పాతర మీది పిల్లులు

మొన్న పొద్దున మంచు ఇంకా విడవకముందే మా వీధి మొదట్లో ఒక ఆటో ఆగింది. బస్టాండు నుంచి ఎవరినో దింపి, ఆటో అతను చాయ తాగడానికి హోటల్లోకి పోయాడు. అతను అటు తిరిగాడో లేదో, గోడ మీద ముడుచుకుని కూర్చున్న బూడిదరంగు పిల్లి ఒకటి కిందికి దూకి, ఆటో వెనక సామాను పెట్టుకునే రేకు మీదికి ఎక్కింది. గుండ్రంగా తిరిగి తిరిగి చోటు చూసుకుని, కాళ్లు కడుపు కిందికి లాక్కుని కళ్లు మూసుకుంది. నేను కర్ర ఆనించుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాను. ఆటో అతను గ్లాసు చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఏం జూస్తున్రు పెద్దాయనా? రేకు కింద ఇంజన్ ఉంటది గద, గరం ఉంటది. సలికాలం దీనికి రోజూ గిదే పని" అని నవ్వాడు.

వెచ్చటి చోటు దొరికితే పిల్లి పడుకుంటుంది. ఆ వెచ్చదనం ఎక్కడి నుంచి వచ్చిందని అది అడగదు. అడగాల్సింది మనుషులు. మా ఇంట్లో ఒక్క మనిషి అడిగింది. ఆ సంగతి రాయాలని ఇన్నేళ్లూ అనుకోలేదు; ఇంటి మాట వీధిలో పెట్టే అలవాటు మా వంశంలో లేదు. కానీ ఆ ఇంటివాళ్లలో మిగిలింది నేనొక్కణ్ణే. నేను చెప్పకుండా పోతే, ఆమె అడిగిందన్న మాట కూడా నాతోనే పోతుంది.

మాది పసుపు ఇల్లు. మా తాతకు ఆర్మూర్‌లో అడ్తి దుకాణం ఉండేది. చుట్టుపక్కల ఊళ్ల రైతుల పసుపు మా వాకిట్లో దిగి, మా కాంటా మీద తూగి, మా బండ్ల మీదే నిజామాబాద్ రైలుకు పోయేది. ఊళ్లో మా ఇంటిని పెద్దిల్లు అనేవారు. ఇప్పుడు ఆ చోట ఏముందో రాయను. చూసేవాళ్లకు కనబడుతూనే ఉంది.

పసుపు వాసన మా ఇంటి గోడలకే కాదు, మా బట్టలకు, మా అన్నానికి కూడా పట్టి ఉండేది. బడిలో పలకలన్నీ కలిసిపోతే మా పంతులు నా పలకను ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "ఇగో, ఇది పెద్దింటోళ్ల పిలగానిది" అని నా ఒళ్లో పడేసేవాడు.

నాకు ఊహ తెలిసేనాటికే మా నాయన లేడు. అమ్మ వంటింటి గడప దాటేది కాదు. నన్ను పెంచింది తాత, నాయనమ్మ. తాత నిటారు మనిషి. తెల్లటి ధోవతి, భుజం మీద ఉత్తరీయం, తల మీద పాగా. ఆ ఉత్తరీయం జారి కిందపడితే వంగి తీసుకోవడం నేనెన్నడూ చూడలేదు. ఎవరో ఒకరు అందించేవారు. అందించే మనిషి దగ్గర లేకపోతే, వచ్చేదాకా అక్కడే నిలబడేవాడు.

ముందు వాకిలి, దుకాణం, గోదాములు ఆయనవి. ఇంటి వెనక తోట నాయనమ్మది. తోట అంటే రాజుల తోట కాదు. గిరక బావి, దాని పక్కన రాతి తొట్టి, తొట్టి నుంచి మొక్కల్లోకి పోయే సన్నటి మట్టి కాలువలు. జామ, నిమ్మ, దానిమ్మ, బీర పందిరి, అనప తీగ, గోడ పొడుగునా మల్లె, ఎండలో చామంతి మళ్లు. పొద్దున్నే ఆమె గిరక తిప్పుతుంటే ఆ కిర్రుమనే చప్పుడుకు నాకు మెలకువ వచ్చేది. గోడ పైనుంచి సిద్ధుల గుట్ట నల్లటి బండలు కనబడేవి. మంచు పట్టిన రోజుల్లో గుట్ట లేనట్టే ఉండి, ఎండ రాగానే ఒక్కొక్క బండా బయటపడేది.

ఆ తోటకు నాయనమ్మ తర్వాత యజమానులు పిల్లులే. గోనెసంచులు కొరికే ఎలుకల కోసం గోదాముల్లో పిల్లుల్ని ఉండనిచ్చేవారు. అవి తమ పని ఎప్పుడు చేసుకునేవో ఏమో గానీ, పగలంతా తోటలోనే ఉండేవి. ఒకటి కాలువ పక్కన కూర్చుని పారే నీళ్లను పంజాతో కొట్టి, తడిసిన పంజాను తానే ఆశ్చర్యంగా చూసుకునేది. ఒకటి బీర పందిరి ఎక్కి పసుపు పూల మధ్య తల బయటపెట్టి, సీతాకోకచిలుక వచ్చేదాకా కదలకుండా ఉండేది. ఎండ జరిగినకొద్దీ అవీ జరిగేవి. మధ్యాహ్నానికి జామచెట్టు కింద, సాయంత్రానికి పడమటి గోడ మీద. తోటలో ఎండ ఎక్కడుందో పిల్లుల్ని చూసి చెప్పొచ్చు.

వాటిలో ఒక తెల్ల పిల్లి ఉండేది. పసుపు గోదాములో తిరిగి తిరిగి దాని నాలుగు కాళ్లూ పచ్చగా ఉండేవి. కడుగుకున్నా పోయేది కాదు. కడుగుకున్న గంటకే మళ్లీ గోదాములోకి పోయేది. దాన్ని చూస్తే నాయనమ్మకు మురిపెం.

"సూడు బిడ్డా, కాళ్లకు పసువు వెట్టుకోని ఎట్ల నడుస్తున్నదో. మనింటి ముత్తైదువ ఇది" అనేది. శుక్రవారం పేరంటానికి ఎవరైనా వస్తే, "ముందుగాల మా ముత్తైదువకు వాయినం ఇయ్యాలె" అని దానికి చిన్న గిన్నెలో మీగడ పెట్టేది.

ఆ మాట పట్టుకుని నేనొక పని చేశాను. పక్కింటి గండుపిల్లిని మీగడ ఆశ చూపి పిలిచి, కాళ్లకు పసుపు రాసి, పసుపులో సున్నం కలిపితే వచ్చే ఎర్రటి ముద్దతో నుదుట ఇంత బొట్టు పెట్టి వదిలాను. అది అట్లాగే వాళ్ల వంటింట్లోకి పోయింది. కాసేపటికి పక్కింటామె గోడ మీది నుంచి తల పెట్టింది.

"అక్కా! మీ మనుమడు మా గండుపిల్లిని పెండ్లిపిల్లను జేసిండు. వచ్చి సూడు జర!"

"మంచిదే గద. ఇగ పిలగాణ్ణి జూస్తం తియ్యి" అంది నాయనమ్మ, గిరక ఆపకుండానే.

పక్కింటామె తిట్టడానికి వచ్చి, గోడ పట్టుకుని నవ్వింది. తాత ముందు వాకిట్లో ఆ నవ్వు విని, "ఏందది లొల్లి?" అన్నాడు. అంతే, ఇద్దరు ఆడవాళ్లూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఎక్కడో దూరాన యుద్ధం నడుస్తోందనీ, కిరసనాయిలు దొరకడం లేదనీ పెద్దవాళ్లు చెప్పుకునే కాలం అది. సరుకుల ధరలు పెరుగుతున్నాయి. పసుపు ఇంకా పెరుగుతుందని తాత నమ్మకం. ఆ ఎండాకాలం ఆయన ఎన్నడూ లేనంత సరుకు కొన్నాడు. ధర వచ్చేదాకా మీ దగ్గరే ఉంచండని రైతులు అప్పగించిన పసుపు కూడా ఉంది. గోదాములు నిండాయి. ముందు వాకిట్లో ఉన్న పాతరలు నిండాయి.

పాతర అంటే నేలలో తవ్విన లోతైన గుంత. అడుగున ఎండుగడ్డి, చుట్టూ చాపలు వేసి, ఎండిన పసుపు కొమ్ములు నింపి, మూతి మీద బండ పరిచి, మట్టి కప్పి పేడతో అలికేవారు. తడి తగలకుంటే సరుకు ఎంతకాలమైనా చెక్కుచెదరదు. ఒకసారి కప్పాక మాత్రం ధర వచ్చేదాకా తెరిచేవారు కాదు. ముందే తెరిస్తే బజారులో మాట పుట్టేది, ఫలానావారికి డబ్బుకు అక్కర పడిందని. ఆ మాట పుట్టిన దుకాణానికి మర్నాటి నుంచి బండి రాదు. తిథీ వారమూ చూసి, కొబ్బరికాయ కొట్టి, కొనేవారి ఎదుట తెరవడమే పెద్దింటి పద్ధతి.

ఇంకొక పాతరకు ముందు వాకిట్లో చోటు లేక, తాత నాయనమ్మ తోటలో తవ్వించాడు. చామంతి మడి ఒకటి తీసేసి అక్కడే.

"గిది నీళ్లు తాగిన నేల. వద్దుండ్రి" అంది నాయనమ్మ.

"కింద గట్టి మొరం ఉన్నది. నీకు ఎరుకలేదు" అన్నాడు తాత.

అది అన్ని పాతరల కన్నా పెద్దది. రైతుల సరుకంతా అందులోనే పోశారు. ఆ ఏడు వానలు ఆలస్యంగా వెళ్లాయి. పోతూ పోతూ చిత్త కార్తెలో గట్టిగా కురిశాయి. తర్వాత చలి మొదలైంది.

ఆ చలికాలమే పిల్లుల పద్ధతి మారింది. ఎండ వెంట జరగడం మానేశాయి. పొద్దున నేను కళ్లు నులుముకుంటూ తోటలోకి పోయేసరికి అవన్నీ పాతర మీద పోగై ఉండేవి. మా పిల్లులే కాదు, పక్కింటి గండుపిల్లి, ఎవరివో తెలియని రెండు మూడు, ఒకదాని వీపు మీద ఒకటి తల పెట్టుకుని. తెల్ల పిల్లి నడిమధ్యన, పసుపు కాళ్లు నాలుగూ గాలిలోకి చాపి, వెల్లకిలా. చుట్టూ గడ్డి మీద మంచు తెల్లగా ఉండేది, ఆ అలికిన చోట మాత్రం పొడిగా ఉండేది. నాకు అంతకన్నా మంచి వేడుక లేదు. ఉడికించిన అనపకాయ గుడాలు జేబులో పోసుకుని పోయి వాటి మధ్య పడుకునేవాణ్ణి. వీపు కింద హాయిగా ఉండేది. తెల్ల పిల్లి నా కడుపు మీదికి ఎక్కి గురగుర మంటుంటే, ఆ గురగుర నేలలోంచి వస్తున్నట్టే ఉండేది.

ఒకనాడు నాయనమ్మ నన్ను లేపడానికి వచ్చింది.

"లెవ్వు బిడ్డా. మంచుల పండుకుంటరా? పడిశం వడ్తది."

"సలి లేదు నాయనమ్మా. ఈడ నేల గరం ఉన్నది. నువ్వు గూడ పండుకో."

ఆమె నవ్వుతూనే వంగి నేల మీద అరచేయి పెట్టింది. చేయి అట్లాగే ఉంచింది. నవ్వు మాత్రం పోయింది. తెల్ల పిల్లిని మెల్లిగా పక్కకు జరిపి, అది పడుకున్న చోట మళ్లీ చేయి పెట్టి చూసింది. లేచి గబగబా ఇంట్లోకి పోయింది.

మగవాళ్లుండగా ఆమె ముందు వాకిట్లోకి వచ్చేది కాదు. ఆనాడు తలుపు చాటున నిలబడి గాజులు చప్పుడు చేసింది. తాత లేచి, చిరాగ్గానే వెనక్కి వచ్చాడు. ఆయన వెంట హమాలీల పెద్ద వచ్చి తోట వాకిలి దగ్గర ఆగాడు.

"ఒక్కపారి వంగి చెయ్యి వెట్టి జూడుండ్రి" అంది నాయనమ్మ.

తాత నిలబడి పిల్లుల్ని చూశాడు. "ఏమున్నది? నేల వెచ్చగున్నదంటవ్. ఎండ గొట్టిన నేల వెచ్చగుండక సల్లగుంటదా?"

"పొద్దు గుట్ట మీదికే రాలె. ఎండ యాడికెల్లి వచ్చింది? లోపట తడి దాకింది. సరుకు ఉడుకుతున్నది. ఇప్పుడే తెరిస్తె సగమన్న దక్కుతది. రైతుల సొమ్ము అండ్ల."

హమాలీల పెద్ద నోరు జారాడు. "పిల్లులు మంచిగ జాగ జూసుకున్నయి అయ్యా!"

తాత ముఖం బిగిసింది. "పిల్లులు జెప్తె పాతర తెరవాల్నా? బజార్ల ఏమంటరు? పెద్దింటాయనకు అక్కర వడ్డదంటరు."

"అననీయుండ్రి. వాళ్లు అంటె సరుకు మురగదు. ఒక్కపారి చెయ్యి వెట్టుండ్రి. నీ కాళ్లు మొక్కుత."

నౌకరు ముందు ఆమె ఆ మాట అనడం ఆయనకు నచ్చలేదు. నాకిప్పుడు అర్థమవుతుంది, ఆ హమాలీ అక్కడ లేకపోతే ఆయన వంగేవాడేమో. "నువ్వు నీ చెట్లకు నీళ్లు వోసుకో. పాతర సంగతి నాకిడిసిపెట్టు" అని వెనుదిరిగాడు.

నాయనమ్మ ఆ పూటే పాతర పక్కనుంచి పోయే కాలువకు మట్టిపెళ్లతో అడ్డం కట్టింది. ఆ పక్క చామంతులు మొగ్గ మీద ఉన్నాయి. వాటికిక నీళ్లు పోలేదు. తర్వాత కూడా ఆమె చాలాసార్లు అడిగింది. అన్నం వడ్డిస్తూ అడిగింది, తాంబూలం ఇస్తూ అడిగింది. ఆయన వినబడనట్టు ఆకు నమిలేవాడు. రోజూ పొద్దున ఆమె వంగి నేల ముట్టుకోవడం, లేచి పిల్లుల వైపు చూడడం, నేను చూస్తూనే ఉన్నాను. అంతకుముందు వాటికి మీగడ పెట్టిన మనిషే, ఆ రోజుల్లో వాటిని కట్టె తీసుకుని అదిలించేది. అవి గోడ ఎక్కి, ఆమె పోగానే మళ్లీ దిగేవి.

మాఘంలో ధర వచ్చింది. దూరం నుంచి పెద్ద వ్యాపారి సరుకు చూడడానికి వచ్చాడు. తాత మంచిరోజు చూసి, రైతుల్ని పిలిపించి, తోటలో కుర్చీలు వేయించాడు. పొద్దున చలిగా ఉంది. పిల్లుల్ని తరిమి, కొబ్బరికాయ కొట్టి, మట్టి తీసి బండ జరిపారు.

లోపలి నుంచి ఆవిరి లేచింది. అన్నం వార్చేటప్పుడు లేచినట్టు తెల్లగా, దట్టంగా. వెంట వచ్చిన వాసన పసుపుది కాదు. పుల్లగా, కుళ్లిన గంజి వాసన. పాతరలో గాలి మంచిదో కాదో చూడడానికి దీపం దించుతారు. తాడు కట్టి దీపం దించాడు హమాలీల పెద్ద. ఆరిపోయింది. మళ్లీ వెలిగించి దించాడు.

"దీపం నిలుస్తలేదయ్యా" అన్నాడు. ఆ రోజు అతని గొంతులో పరాచికం లేదు.

గాలి మారేదాకా ఆగి, అతనే దిగి ఒక గంపెడు తీసుకొచ్చాడు. నల్లగా, బూజు పట్టి, ముద్దలు ముద్దలుగా ఉంది. మంచి పసుపు కొమ్మును విరిస్తే టక్కున మోగుతుంది, లోపల నారింజ రంగు మెరుస్తుంది. తాత గంపలోంచి ఒక కొమ్ము తీసుకుని అందరి ముందూ విరవబోయాడు. అది చప్పుడు లేకుండా ఆయన వేళ్ల మధ్య నలిగిపోయింది. వ్యాపారి లేచి, నమస్కారం పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు. రైతుల్లో ఒక ముసలాయన మాత్రం, "పోనీ తియ్ దొరా, దేవుడున్నడు" అన్నాడు. ఆ మాటకు తాత తల పక్కకు తిప్పుకున్నాడు.

తిప్పుకున్న చూపు బావి దగ్గర నిలబడ్డ నాయనమ్మ మీద పడింది. అక్కడి నుంచి కాలువ మీద పడింది. కాలువ వెంటే మెల్లిగా పాతర దాకా వచ్చి ఆగింది. చుట్టూ ఉన్నవాళ్లందరూ ఆ చూపు వెంటే కాలువను చూశారు. ఆయన ఒక్క మాట అనలేదు. ఇంట్లోకి పోయాడు.

మర్నాడు పొద్దున ఇద్దరు మనుషులు పారలతో వచ్చి, తోటలోని కాలువలన్నీ ఈ చివర నుంచి ఆ చివరకు పూడ్చేశారు. ఎవరు పంపారని ఆమె అడగలేదు. కరివేపాకు కోస్తున్నది ఆగి, పని అయ్యేదాకా చూసింది. తర్వాత చెంబును తొట్టి మీద బోర్లించి లోపలికి వచ్చింది. ఆ రోజు నుంచి ఆమె గిరక ముట్టుకోలేదు. తాగే నీళ్లు అమ్మ తోడేది.

తాత రైతుల్లో ఎవరికీ లేదనలేదు. గోదాములు పోయాయి, బండ్లు, ఎడ్లు పోయాయి, ముందు ఇల్లు పోయింది. ఎవరి సరుకుకు వారికి తృప్తిగా ముట్టజెప్పి, పాగా సవరించుకుని, ఖాళీ దుకాణానికి తనే తాళం వేశాడు. మా ఇల్లు పడిపోయిందని అనేవాళ్లు ఇది కూడా చెప్పాలి. చెప్పరు. వాళ్లు చెప్పుకున్నది వేరే. ముసలమ్మ పూలచెట్లకు పోసిన నీళ్లకు పెద్దిల్లు కొట్టుకుపోయిందని బజారంతా అన్నారు. ఆయనెంత గొప్పవాడు, పెండ్లాన్ని పల్లెత్తు మాట అనలేదన్నారు. ఆ రెండు మాటలూ తాత చెవిన పడ్డాయి. దేనికీ జవాబు చెప్పలేదు. నేను చాలాకాలం దాన్ని గొప్పతనమనే అనుకున్నాను. తిట్టి ఉంటే ఆమె కూడా ఏదో అనేది, ఏడ్చేది, నలుగురికీ నిజం తెలిసేది. ఆయన మౌనం ఆమె నోరు కుట్టేసింది.

ఎండాకాలానికి తోట ఎండింది. బీర పందిరి కూలింది. పిల్లులు ఒక్కొక్కటే వేరే ఇళ్లు చూసుకున్నాయి. తెల్లది మాత్రం ఉండిపోయింది. గోదాములు లేవు, పసుపు లేదు; నాకి నాకి దాని కాళ్లు తెల్లబడ్డాయి. ఒకనాడు అది గుమ్మం ముందు నడిచిపోతుంటే నాయనమ్మ చాలాసేపు చూసింది.

"దీని కాళ్ల పసువు పోయింది బిడ్డా" అంది. నా చేయి పట్టుకుంది. "నేను అడిగిన గద? మీ తాతను చెయ్యి వెట్టి జూడమని అడిగిన గద? నువ్వు ఆడనే ఉన్నవు. ఇన్నవు గద బిడ్డా?"

"ఇన్న నాయనమ్మా."

"గంతే సాలు" అంది.

మళ్లీ చలికాలం రాగానే ఆమెకు జ్వరం పట్టుకుంది, వదలలేదు. భర్త ఉండగా పోయింది కాబట్టి పాదాలకు పసుపు రాయాలన్నారు ముత్తైదువలు. అమ్మ వంటింట్లోకి పోయి డబ్బాలన్నీ తీసి చూసింది. మా ఇంట్లో పసుపు లేదు. నన్నే బజారుకు పంపారు. వేరేవాళ్ల దుకాణంలో, కాగితం పొట్లంలో, మొదటిసారి మా ఇంటికి పసుపు బయటి నుంచి వచ్చింది. తాత ఆ పొట్లాన్ని చూసి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు కూడా నిటారుగానే.

కర్మలు అయిపోయిన మర్నాడు పొద్దున ఆయన మంచంలో కనబడలేదు. వెతుక్కుంటూ తోటలోకి పోయాను. పూడ్చేసిన పాతర దగ్గర, మంచు పట్టిన నేల మీద, మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు. ఉత్తరీయం పక్కన మట్టిలో పడి ఉంది. కుడి అరచేయి నేలకు ఆనించి పెట్టాడు. తెల్ల పిల్లి కొంచెం దూరంలో నిలబడి ఆ చేతిని చూస్తోంది. అది దగ్గరికి వచ్చి, నేలను వాసన చూసి, గోడ ఎక్కి అవతలికి దూకింది. మళ్లీ మా ఇంటికి రాలేదు.

తాత నన్ను చూశాడు. చేయి మాత్రం తీయలేదు.

"సల్లగున్నది" అన్నాడు.

నేను ఉత్తరీయం తీసి అందించాను. తీసుకోలేదు.

మొన్న ఆటో వెళ్లిపోయాక కూడా నేను అక్కడే ఉన్నాను. పిల్లి గోడ ఎక్కి ఎండ వెతుక్కుంది. ఆటో అతను పోతూ, "ఏం సంగతి పెద్దాయనా, గట్లనే నిలవడ్డరు?" అని అడిగాడు. అతనికి చెప్పే మాట కాదు అది.

ఇన్న నాయనమ్మా. నువ్వు అడిగినవు. నేను ఇన్న.